జనరల్ మేనేజర్‌గారికి శాలువా

ఆ రెండు వారాల్లో సిడ్నీ శివారు వాటిల్‌డేల్‌లో భూమి కాస్త కిందికి దిగిందంటే దానికి కారణం మా కనకదుర్గ పిన్ని నడకే. వంటగది నుంచి లెటర్‌బాక్స్ దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ వంటగది దాకా. ఆవిడ వేసిన అడుగులన్నీ ఒక వరసలో పేరిస్తే కార్లో మూడు గంటల దూరాన గంగాలిన్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం మీద ఉన్న మా బాబాయ్‌ని పలకరించి, కాఫీ తాగి, సాయంత్రానికి సిడ్నీ తిరిగి వచ్చేయొచ్చు.

నేను పిన్నింట్లోనే ఉండి యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్తుంటాను. నా పేరు కిట్టు. ఆవిడ నడుస్తుంటే నాకూ కూర్చోబుద్ధి కాదు. కుర్చీలో ఉన్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది.

సంగతేమిటంటే, పిన్ని ఏళ్ళ తరబడి పనిచేసిన గోడౌన్‌లోకి మిషన్లు వచ్చాయి. అవి సెలవు అడగవు, భుజం నొప్పి అనవు. పిన్నినీ, ఆవిడతోపాటు పనిచేసేవాళ్ళనీ పంపించేశారు. ఏజెన్సీ వాళ్ళు ఇంకో ఉద్యోగం చూపించారు. కోల్డ్ స్టోరేజ్‌లో, రాత్రి షిఫ్ట్. లోపల చలికి మాట నోట్లోంచి బయటికి రాగానే గడ్డకట్టి కింద పడుతుందనీ, పొద్దున ఊడ్చేవాళ్ళు దాన్ని ఏరి ఎవరిది వాళ్ళకి ఇస్తారనీ నేను పిన్నికి చెప్పాను. నవ్వలేదు. రెండు వారాలు గడువిచ్చి, రెండో శుక్రవారంలోగా వస్తావో రావో చెప్పమన్నారు.

పిన్నికి కావలసింది వేరు. మా రైల్వే స్టేషన్ కార్ పార్కులో శనివారం పొద్దున కౌన్సిల్ వాళ్ళు, అంటే మా మున్సిపాలిటీ, మార్కెట్ పెడతారు. అక్కడ చేపలు వేయించే వ్యాన్ ఆయన రిటైరైపోయాడు. ఆ ఒక్క చోటు ఖాళీ. పిన్ని అక్కడ పెసరట్టు వెయ్యాలనుకుంది. అప్లికేషన్ పెట్టింది. ఇంకో ఇద్దరు కూడా పెట్టారు. ఒకామె కొవ్వొత్తులు చేస్తుంది, ఒకాయన కుక్కలకి బిస్కెట్లు చేస్తాడు. చోటు ఎవరికిచ్చేదీ కౌన్సిల్ చెప్పేది కూడా ఆ శుక్రవారమే.

"కుక్కల బిస్కెట్ ఆయనకి ఇచ్చేస్తార్రా. వీళ్ళకి మనుషులకంటే కుక్కలే ముద్దు" అని పిన్ని రోజుకోసారి అనేది. ఈ విషయంలో మాత్రం నేను ఆవిడకి ధైర్యం చెప్పలేకపోయాను.

మన దేశంలో అయితే ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తెలిసినవాళ్ళని పట్టుకోవాలి. మాకు తెలిసినవాడు విఠల్ అంకుల్. పగలు బ్యాంకులో ఐటీ ఉద్యోగం, సాయంత్రం కౌన్సిలర్. మా తెలుగువాళ్ళంతా కలిసి కిందటేడు ఆయన్ని గెలిపించాం. గెలిచిన మర్నాటి నుంచి జనం ఆయన ఇంటి ముందు కార్లు పార్క్ చేశారు. ఒకరికి పక్కింటి కోడి కూస్తోంది. ఒకరి వీసా ఆగిపోయింది. ఒకాయన తన కొడుక్కి క్రికెట్ టీంలో బౌలింగ్ ఇవ్వట్లేదని వచ్చాడు. విఠల్ అంకుల్ అందరికీ ఒకటే చెప్పేవారట, అది నా చేతిలో లేదండీ అని. గెలిచాక తల ఎగరేస్తున్నాడని ఊళ్ళో పేరు పడిపోయింది.

పిన్నీ నేనూ ఆదివారం క్వేకర్స్ హిల్‌లో ఆయనింటికి వెళ్ళాం. పిన్ని పులిహోర డబ్బా పట్టుకొచ్చింది. అంకుల్ ఆ డబ్బాని తేలుని చూసినట్టు చూసి, చేతులు వెనక్కి కట్టేసుకున్నారు. కౌన్సిలర్ అయినప్పటి నుంచి ఆయన పరాయి ఇంట్లో కాఫీ కూడా ముట్టరు. గృహప్రవేశాలకి తన నీళ్ళ సీసా తనే తెచ్చుకుంటారు.

పిన్ని సంగతి చెప్పింది. మార్కెట్ వాళ్ళకి ఒక్క మాట చెప్పమంది. అంకుల్ చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. తర్వాత, "దుర్గగారూ, మీ తణుకులో పెళ్ళివంటలు చూశారుగా. మెనూ ఎవరు రాస్తారు?" అన్నారు.

"పెద్దలు."

"ఎంతమందికి వండాలి, ఎంత ఖర్చు పెట్టాలి?"

"అదీ పెద్దలే."

"తర్వాత వంటమేస్త్రికి అప్పజెప్తారు. ఇప్పుడు పెద్దమనిషొకాయన వంటశాలలోకి దూరి, సాంబారు కలిపే కుర్రాడితో, ఇంకాస్త ఉప్పు వెయ్యరా అన్నాడనుకోండి. ఏమవుతుంది?"

"మేస్త్రి గరిటె కింద పెట్టి వెళ్ళిపోతాడు" అంది పిన్ని. ఈ విషయంలో ఆవిడకి అనుభవం ఉంది.

"అంతేనండి. మేం కౌన్సిలర్లం మెనూ రాసేవాళ్ళం. మార్కెట్ ఉండాలా వద్దా, ఏ రూల్ మీద చోట్లు ఇవ్వాలి, ఇవన్నీ అందరం కూర్చుని ఓటేసి తేలుస్తాం. అక్కడితో మా పని ఆఖరు. వంటమేస్త్రి జనరల్ మేనేజర్. పేరు హెలెన్. స్టాఫ్ అంతా ఆవిడ కింద. ఆవిణ్ణి పనిలో పెట్టుకునేది మేమే, నచ్చకపోతే తీసేసేదీ మేమే. కానీ నేనొక్కణ్ణీ వెళ్ళి అక్కడ గిన్నెలు కడిగే అబ్బాయికి కూడా పని చెప్పకూడదు. చెప్తే నా మీద కంప్లయింట్."

"మరి మేయరు?"

"పెళ్ళిపెద్దల్లో పెద్దాయన. ఫోటోలో మధ్యలో నిలబడతాడు."

పిన్నికి అర్థమైంది. తిరిగొస్తూ కార్లో పులిహోర డబ్బా మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చుంది. అక్కడితో ఊరుకుని ఉంటే ఏ గొడవా లేకపోను. కానీ మర్నాడు నేను ఈ పెళ్ళివంట సంగతి సత్యనారాయణమూర్తి అంకుల్‌కి చెప్పాను.

మూర్తి అంకుల్ వాటిల్‌డేల్ తెలుగు సమాఖ్యకి అధ్యక్షుడు. సమాఖ్య పుట్టక ముందు నుంచే ఆయన అధ్యక్షుడని కొందరంటారు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆఫీసులో అంత పొడుగు పేరు పలకలేక ఆయన్ని 'సత్' అంటారు. ఆ లోటంతా ఆయన శనివారాలు తీర్చుకుంటారు. ఆయన చేతిలో సన్మానం పొందని తెలుగువాడు పశ్చిమ సిడ్నీలో లేడు. యూనిలో సీటొస్తే సన్మానం. ఇల్లు కొంటే సన్మానం. డ్రైవింగ్ టెస్ట్ నాలుగోసారికి పాసయిన శ్రావ్యక్కకి 'పట్టుదలకు పురస్కారం' అని సన్మానం. వాళ్ళ గరాజ్‌లోకి కారు ఒక్కసారీ వెళ్ళలేదు. అందులో శాలువాలు, ఫ్లెక్సీలు, మైకు సెట్టు కాపురం ఉంటాయి.

"అంటే అసలు అధికారం ఆ హెలెన్‌దన్నమాట" అన్నారాయన.

"మామూలు అధికారమా అంకుల్. కలెక్టరు, మున్సిపల్ కమిషనరు, సగం ఇరిగేషన్ శాఖ, మూడూ కలిపి ఒక మనిషి" అన్నాను నేను, మొహం ఎంత గంభీరంగా పెట్టాలో అంతా పెట్టి.

ఆయన గరాజ్‌లో అటూ ఇటూ తిరిగారు. మా ఊళ్ళో అందరికీ ఈ తిరిగే జబ్బు పట్టుకుంది అప్పుడు. మూడో చుట్టులో ఆగి, శనివారం దసరా సభలో ఆవిడకి సన్మానం అన్నారు. సన్మానపత్రం ఇంగ్లీషులో నన్ను రాయమన్నారు.

విఠల్ అంకుల్ ఫోన్ చేసి వద్దని చెప్పి చూశారు. కానీ ఒక ఎన్నికైన మనిషి ఒక సంఘానికి ఎంతవరకు వద్దని చెప్పొచ్చో ఆయనకే సరిగ్గా తెలియలేదు. పైగా వేదిక మీద కుర్చీ ఒకటి ఆయనదే.

శనివారం సభకి హెలెన్ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, నడిచి నడిచి అరిగిన బూట్లు. పాపం ఆవిడ చెత్తబుట్టల గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని వచ్చింది. ఆవిణ్ణి వేదిక మీద సింహాసనంలాంటి కుర్చీలో కూర్చోబెట్టి మెళ్ళో దండ వేశారు. మూర్తి అంకుల్ నేను రాసిన పత్రం ఒక్క అక్షరం మార్చకుండా చదివారు. "ఎర్రమూత, పచ్చమూత, పసుపుమూత చెత్తబుట్టలనే త్రిమూర్తులను ప్రతి గుమ్మం ముందూ ప్రతిష్ఠించిన తల్లీ, ఎగుడుదిగుడు ఫుట్‌పాత్‌లను చదును చేసిన ధీరురాలా, వాన నీటిని కాలువలకు మళ్ళించిన భగీరథ వంశజురాలా" అని, తెలుగులో చెప్పాలంటే, మొదలవుతుంది అది. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేను మైకు పక్కన నిలబడి నవ్వు రాకుండా దవడలు బిగబట్టుకున్నాను. హెలెన్ మాత్రం, వాన నీటి సంగతి మా ఇంజనీర్లకి తప్పకుండా చెప్తానంది.

తర్వాత శాలువా. మెరూన్ రంగు, బంగారు అంచు. మూర్తి అంకుల్ భార్య దాన్ని హెలెన్ భుజాల మీద కప్పింది. సన్మానం అన్నాక చివర్లో విన్నపం ఉండాలి. మన దగ్గర మంత్రిగారికి శాలువా కప్పి రోడ్డు అడుగుతారు కదా, అలా. మూర్తి అంకుల్ మైకు వదలకుండా, మా ఆడపడుచు కనకదుర్గ పెసరట్టు స్టాలు అమ్మవారి చేతిలో, తర్వాత మీ చేతిలో ఉంది మేడమ్ అన్నారు.

హెలెన్ నవ్వు మొహం మీదే ఉంది, కానీ కళ్ళు తలుపు వెతుక్కున్నాయి. విఠల్ అంకుల్ తన కుర్చీని మెల్లగా వెనక్కి జరుపుతూ జరుపుతూ వేదిక వెనక తెరలో కలిసిపోయారు. పిన్ని వంటల దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సోమవారం నేను గరాజ్‌లో మైకు వైర్లు చుడుతుంటే మూర్తి అంకుల్‌కి ఫోన్ వచ్చింది. చేసింది కౌన్సిల్ నుంచి కృష్ణీల్. అక్కడ పనిచేసేవాళ్ళకి ఎవరే కానుక ఇచ్చినా రాసిపెట్టుకోవడం అతని ఉద్యోగం. ఫిజీ తెలుగువాళ్ళ అబ్బాయి. వాళ్ళ నానమ్మ మునమ్మగారు మా సభలకి వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. అతనికి తెలుగు రాదు గానీ, మూర్తి అంకుల్ పూర్తి పేరు తడబడకుండా పలికాడు. అంకుల్ మొహం వెలిగింది.

స్పీకర్‌లో నాకూ వినబడుతోంది. ఏమీ లేదు సార్, శాలువా విలువ కావాలి, సుమారుగా చాలు అన్నాడు కృష్ణీల్. వంద డాలర్ల లోపయితే గుర్తుగా ఇచ్చిన చిన్న కానుక కింద రాసేసి మర్చిపోతాం. దాటితే మాత్రం, ఇచ్చినవాళ్ళే సభలో ఒక అప్లికేషన్ గురించి అడిగారు కాబట్టి, కథ వేరుగా ఉంటుంది. ఇంత విడమరిచి చెప్పాడు పాపం. పాలు తాగే పిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

నేను చేత్తో నేల చూపించాను. తక్కువ, తక్కువ అని. అవసరమైతే పడుకుని చూపించడానికి కూడా సిద్ధపడ్డాను.

మూర్తి అంకుల్ నన్ను చూడనే లేదు. ఛాతీ విరిచారు. "బాబూ, అది అసలైన కాశ్మీర్ పష్మీనా. ఐదొందల డాలర్లకి ఒక్క సెంటు తగ్గదు" అన్నారు.

 అవతల కీబోర్డు టకటకలాడింది. ఓకే సార్, అయితే ఒక పద్ధతి ఉంది అన్నాడు కృష్ణీల్, డాక్టరు బయాప్సీ మాట ఎత్తినట్టు.

పద్ధతి ఏమిటంటే, హెలెన్ ఆ శాలువా తిరిగి అప్పగించెయ్యాలి. ఆవిడ కింద పనిచేసే ఎవరూ పిన్ని అప్లికేషన్ ముట్టుకోకూడదు. బయటి నుంచి ఒక మనిషి వచ్చి చూడాలి. ఆ బయటి మనిషి డిసెంబర్‌లో గానీ ఖాళీగా లేడు. చోటు ఇచ్చేది ఈ శుక్రవారం. ఇక విఠల్ అంకుల్ ఆ వేదిక మీద కూర్చున్నారు కాబట్టి, మార్కెట్ మాట వచ్చినప్పుడల్లా లేచి బయటికి వెళ్ళిపోవాలి. ఒక్క శాలువాతో మేం మాకున్న ఒక్క కౌన్సిలర్‌నీ, జనరల్ మేనేజర్‌నీ, ఆవిడ కింద వందలమంది స్టాఫ్‌నీ కట్టిపడేశాం. శత్రుదేశం ట్యాంకులతో వచ్చినా ఇంత శుభ్రంగా చెయ్యలేదు.

సాయంత్రం విఠల్ అంకుల్ పిన్నికి ఫోన్ చేసి, నేనేమీ చెప్పకూడదు దుర్గగారూ, చెప్పకూడదన్న మాట మాత్రం చెప్పగలను అని పెట్టేశారు.

పిన్ని సంగతంతా నా దగ్గర విని, కదలకుండా నిలబడింది. ఆ రెండు వారాల్లో ఇంట్లో ఆవిడ కదలకుండా నిలబడటం అదే మొదలు. భయమేసింది నాకు.

"ఏ శాలువా అది? మెరూన్ది? ఒక మూల ఆకుపచ్చ దారంతో కుట్టి ఉంటుందా?"

ఉంటుంది. సభలో నేనూ చూశాను.

ఆ శాలువా పిన్నిదే. కాదు, పిన్నిది కూడా. రెండేళ్ళ క్రితం ఉగాదికి అందరికీ వండిపెట్టిందని ఆవిడకి కప్పారు. మూల ఊడిపోయి ఉంటే, ఇంట్లో మెరూన్ దారం లేక, ఆకుపచ్చ దారంతో కుట్టింది. మన ఇళ్ళల్లో శాలువా ఎవరు వాడతారు? విఠల్ అంకుల్ గెలిచినప్పుడు కావాలంటే మూర్తి అంకుల్‌కి తిరిగి ఇచ్చేసింది. విఠల్ అంకులూ ఫోటో అయ్యాక ఇచ్చేశారు. యూనిలో సీటొచ్చినప్పుడు నా భుజాల మీద పడిందీ అదే. అప్పుడూ సభ అవ్వగానే మూర్తి అంకులే మడతపెట్టుకుని తీసుకెళ్ళారు. దాని మీద కనీసం మూడు జిల్లాల చెమట ఉంది. పష్మీనా మేక దాన్ని చూస్తే మా ఇంటిది కాదు అంటుంది.

మంగళవారం ఇద్దరం గరాజ్‌కి వెళ్ళాం. మూర్తి అంకుల్ కుర్చీ వెయ్యబోయారు. పిన్ని కూర్చోలేదు. కింద పడి ఉన్న శాలువా ఒకటి తీసి మడతపెడుతూ, ఆ అబ్బాయికి ఫోన్ చేసి అసలు ధర చెప్పెయ్యమని అడిగింది. ఏ గొంతుతో పంచదార అప్పడుగుతుందో ఆ గొంతుతోనే.

అంకుల్ వెయ్యబోయిన కుర్చీ మడిచి గోడకి ఆనించారు. తర్వాత, "ఏమని చెప్పమంటావమ్మా? వాటిల్‌డేల్ తెలుగు సమాఖ్య అధ్యక్షుడు మేడమ్‌గారికి పాత శాలువా కప్పాడనా?" అన్నారు. "ఆఫీసులో నన్ను సత్ అంటారు. మొన్న చేరిన కుర్రాడు కూడా. శనివారం మైకు పట్టుకుంటేనే నేను సత్యనారాయణమూర్తిని. అదొక్కటే ఉంది నాకు."

పిన్ని మడతపెట్టిన శాలువా అట్టపెట్టె మీద పెట్టింది.

"ఫ్రీజర్‌లో మైకు ఉండదు మూర్తిగారూ" అని, బయటికి నడిచింది.

కార్లో నేను ఊరుకోలేదు. నువ్వే వెళ్ళి ఆ పచ్చదారం చూపించు పిన్నీ, ఐదు నిమిషాల పని అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయన పరువు నా పెనం మీద వేసి కాల్చమంటావా?" అంది. ఇంటికొచ్చాక ఏజెన్సీ వాళ్ళు పంపిన దళసరి కోటు వేసుకుని చూసింది. అద్దంలో ఆవిడ ఆవిడలా కాకుండా, కొరియర్‌లో వచ్చిన పార్సిల్‌లా కనబడింది. మళ్ళీ నడక మొదలుపెట్టింది, ఆ కోటుతోనే.

బుధవారం సాయంత్రం కౌన్సిల్ మీటింగ్. ఎండాకాలం మార్కెట్ ఎన్ని వారాలు నడపాలన్నది అందులో ఒక అంశం. ఆ అంశం మీద ఊళ్ళో ఎవరైనా ముందుగా పేరిచ్చి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. పిన్ని ఎప్పుడో పేరిచ్చేసి ఉంది. ఇప్పుడు వెళ్ళి ఏం లాభమని నేనంటే, ఇచ్చిన పేరు ఎలా వెనక్కి తీసుకుంటాం అంది.

హాలు గుర్రపు నాడాలా ఉంది. చుట్టూ కౌన్సిలర్లు, మధ్యలో మేయరు, ఆయన పక్కన హెలెన్. విఠల్ అంకుల్ చెప్పింది నిజమే. మేయరు అందరికంటే ఎక్కువ మాట్లాడాడు. హెలెన్ ఎవరైనా అడిగితేనే నోరు విప్పింది, కానీ ఆవిడ విప్పినప్పుడల్లా అందరూ పెన్ను తీసుకున్నారు. మార్కెట్ అంశం రాగానే విఠల్ అంకుల్ లేచి, నాకు ఇందులో సంబంధం ఉందని చెప్పి, బయటికెళ్ళి అద్దాల తలుపు అవతల నిలబడ్డారు. అక్వేరియంలో చేపలా అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు.

మొదట పిలిచిన పేరు పిన్నిది కాదు. మేయరు కాగితం చూసి, పలకబోయి, ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ ప్రయత్నించాడు. "మిస్టర్ సత్యనారాయణమూర్తి."

వెనక వరసలోంచి మూర్తి అంకుల్ లేచారు. పట్టు లాల్చీ, కండువా. మేం ఆయన వచ్చింది చూడనే లేదు. మైకు దగ్గరికి వెళ్ళి అలవాటుగా దాన్ని వేలితో కొట్టారు.

మార్కెట్ మంచిదని ఒక ముక్క అన్నారు. తర్వాత, ఒక మూల కృష్ణీల్ బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఉన్న శాలువా వైపు చూపించారు.

"గౌరవనీయులైన మేయరుగారూ, ఆ శాలువా ధర ఐదొందలని చెప్పాను. అది నిజం కాదు. పెండిల్ హిల్‌లో దుకాణం మూసేస్తూ ముప్పై డాలర్లకి అమ్మితే కొన్నాను. చాలా ఏళ్ళయింది. అప్పట్నుంచి మావాళ్ళు ఎంతోమంది భుజాల మీద ఉంది అది. ఒక మూల ఆకుపచ్చ దారం ఉంటుంది, తీసి చూడండి. ఈ రోజు ఎవరూ దానికి పైసా ఇవ్వరు. నేను చెప్పిన ఐదొందలు శాలువాకి కాదండి. నేను ఇచ్చిన గౌరవానికి. దానికి ధర అడుగుతారని నాకు తెలియదు."

మూడు నిమిషాలూ అయినట్టు గంట మోగింది. మూర్తి అంకుల్ జీవితంలో గంట మోగితే ఆగిన మనిషి కాదు. సంక్రాంతి సభలో కరెంటు పోయినా ఆగలేదు. అప్పుడు ఆగారు. నమస్కారం పెట్టి, వెనక్కి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నారు.

తర్వాత పిన్నిని పిలిచారు. ఆవిడ కాగితం రాసుకుని వచ్చింది గానీ తియ్యలేదు. నేను పెసరట్లు వేస్తాను, నేనెవరో తెలియనట్టే నా అప్లికేషన్ చూడండి, ఇంకేం అక్కర్లేదు అని తన ఇంగ్లీషులో చెప్పి వచ్చేసింది. మూడు నిమిషాల్లో రెండున్నర మిగిలాయి. వాటిని ఏం చెయ్యాలో మేయరుకి తెలియలేదు.

కృష్ణీల్ సంచి విప్పి మూల వెతికి, దారం చూసి, హెలెన్ దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ మేయరుతో మైకులోనే చెప్పింది, ఇది చిన్న కానుక కింద రాసుకుంటున్నాం, అప్లికేషన్ మామూలు దారిలోనే వెళ్తుంది అని. కౌన్సిలర్లు మార్కెట్ వారాలకి చేతులెత్తి ఓటేశారు. చోటు ఎవరికన్నది ఒక్కరూ ఎత్తలేదు. మెనూ రాసి గరిటె జోలికి పోలేదు. విఠల్ అంకుల్‌ని లోపలికి పిలవడం ఎవరికీ గుర్తులేదు, మీటింగ్ అయ్యేదాకా అద్దం అవతలే ఈదుతూ ఉన్నారు.

గురువారం ఏమీ జరగలేదు. నేను గోళ్ళు అయిపోయి పెన్ను కొరకడం మొదలుపెట్టాను. పిన్ని నడక వీధి చివరి దాకా విస్తరించింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఆవిడ ఏజెన్సీకి 'వస్తాను' అని మెసేజ్ కొట్టి, పంపకుండా ఫోన్ చేతిలో పట్టుకుని తిరుగుతోంది. బొటనవేలు పంపే మీట మీద తేలుతోంది. అప్పుడు ఆ ఫోనే మోగింది.

మార్కెట్ ఆఫీసు అమ్మాయి. చోటు పిన్నికి ఇచ్చారు. మార్కులు కిందటి వారమే వేసేశారట, సంతకం ఒక్కటే మిగిలిందట. అంటే మేం దండ వేసే రోజుకే పని అయిపోయి ఉంది. కాకపోతే చేపల వ్యాన్ ఉన్న చోటు కాదు, అది కుక్కల బిస్కెట్ ఆయనకి వెళ్ళింది. పిన్నికి ఇంకోటి కొత్తగా గీశారు, టాయిలెట్ల పక్కన.

"చెప్పానా కుక్కలని" అంది పిన్ని. మెసేజ్ చెరిపేసి, 'రాను' అని కొట్టి పంపింది. తర్వాత పెసలు నానబోసింది. ఇల్లు మునిగిపోయేటన్ని.

మర్నాటి శనివారం సన్నగా వాన. పిన్ని పెనం మీద మొదటి అట్టు మాడింది, రెండోది చిరిగింది, మూడోది చంద్రుడిలా వచ్చింది. అల్లం వాసనకి కుక్కల బిస్కెట్ ఆయన కుక్క కూడా మా వైపే తిరిగి కూర్చుంది. విఠల్ అంకుల్ వచ్చి, డబ్బు కట్టి, రసీదు అడిగి, దాన్ని పర్సులో దాచుకుని, అప్పుడు తిన్నారు. గెలిచిన తర్వాత ఆయన బయట తిన్న మొదటి తిండి. రెండోది కూడా అడిగారు.

మూర్తి అంకుల్ కాస్త దూరంలో గొడుగు కింద నిలబడ్డారు. చేతిలో పెద్ద సంచి. ఇంతలో కృష్ణీల్ వాళ్ళ నానమ్మ మునమ్మగారిని నడిపించుకుంటూ రావడం కనబడింది. అంకుల్ చెయ్యి సంచిలోకి వెళ్ళింది.

"మూర్తిగారూ, ఆ సంచి కార్లో పెట్టి రండి. అట్టు వేస్తాను" అంది పిన్ని, తల ఎత్తకుండానే.

ఆయన చెయ్యి బయటికి తీశారు. కానీ కారు దగ్గరికి వెళ్ళలేదు. వరసలో చివర నిలబడ్డ మనిషిని చూస్తున్నారు. హెలెన్. అవే అరిగిన బూట్లు. వానకి, చలికి, మెరూన్ శాలువా నిండా కప్పుకుని ఉంది. మూలన ఆకుపచ్చ దారం తడిసి ఇంకా పచ్చగా మెరుస్తోంది.

వరస కదిలి ఆవిడ వంతు వచ్చింది. పిన్ని ఉల్లిపాయలు కాస్త ఎక్కువ వేసింది, డబ్బులు పూర్తిగా తీసుకుంది. హెలెన్ తిని, ఆ శాలువా అంచుతోనే చేతులు తుడుచుకుంది. వెళ్తూ వెళ్తూ మూర్తి అంకుల్ ముందు ఆగి, గుడ్ మార్నింగ్ మిస్టర్ సత్యనారాయణమూర్తి అంది. మధ్యలో ఒకచోట తడబడింది గానీ, చివరిదాకా వెళ్ళింది.

ఆవిడ కార్ పార్కు దాటేదాకా అంకుల్ గొడుగు పక్కకి ఒరిగిపోయి, ఆయన తడుస్తూనే ఉన్నారు. పిన్ని అట్టు ఆయన చేతిలో పెట్టింది.

"కప్పుకుందమ్మా" అన్నారాయన. "ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ కప్పుకోలేదు."

రెండు ముక్కలు తిన్నాక ఆయన మళ్ళీ నిలకడ లేకుండా అటూ ఇటూ చూశారు. ఏమైంది అంకుల్ అని అడిగాను. దీపావళి సభ వచ్చేవారమే ఉందిరా కిట్టూ, సరైన శాలువా అదొక్కటే అన్నారు.